ముందు మందేదో తేల్చండి: పుట్టగొడుగులతో క్యాన్సర్ పరిశోధనపై ఐసీఎంఆర్‌కు, ఎథిక్స్ కమిటీలకు బహిరంగ లేఖ

భారత వైద్య పరిశోధన మండలి అధికారులకు, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిర్వాహకులకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ క్యాన్సర్ ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీ సభ్యులకు,

నమస్కారం.

పుట్టగొడుగుల పెంపకం, మందుల నాణ్యత పరీక్ష, క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసీ రంగాల్లో పనిచేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. క్యాన్సర్ రోగులపై పుట్టగొడుగుల మందును పరీక్షిస్తామంటూ మీ ముందుకొచ్చే ప్రతి ప్రతిపాదననూ మొదట ఒకటే అడగండి: రోగి మింగబోయేది సరిగ్గా ఏమిటి? ఏ జాతి, అందులో ఏ భాగం, దేనితో తీసిన సారం, గ్రాములో ఏది ఎంత? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు లేకపోతే ఆ ఫైలును వెనక్కి పంపండి. మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నామో చెప్పాలంటే జపాన్ నుంచి మొదలుపెట్టాలి. క్యాన్సర్‌కు పుట్టగొడుగులు పనిచేస్తాయని ఎవరన్నా, ఆ మాట వేరు తవ్వుకుంటూ పోతే చాలాసార్లు అక్కడే తేలుతుంది. 1977లో ఆ దేశం పీఎస్‌కే అనే మందుకు అనుమతి ఇచ్చింది. క్రెస్టిన్ పేరుతో అమ్మేవారు. ఎండు మానుల మీద రంగురంగుల వలయాలతో చిన్న విసనకర్రల్లా పరుచుకునే ట్రామెటీస్ వెర్సికలర్, అదే టర్కీ టెయిల్, దానికి మూలం. అయితే మాను మీది గొడుగును ఎండబెట్టి దంచిన పొడి కాదది. సీఎం-101 అనే ఒక్క స్ట్రెయిన్ మైసీలియాన్ని, అంటే గొడుగు పుట్టకముందు పరుచుకునే దారాల అల్లికను పెంచి, వేడినీటితో సారం తీసి, శుద్ధి చేసిన ప్రొటీన్-పాలీశాకరైడ్ (ప్రొటీన్ అతుక్కున్న పొడవాటి చక్కెర గొలుసు). రోజుకు 3 గ్రాములు, నోటి ద్వారా.

దాని మీద వచ్చిన ఫలితాల్లో ఎక్కువగా చెప్పుకునేది 1994లో లాన్సెట్ ప్రచురించిన ట్రయల్. జీర్ణాశయ క్యాన్సర్ గడ్డను ఆపరేషన్‌తో పూర్తిగా తీసేసిన 262 మంది, 46 ఆసుపత్రుల నుంచి. అందరికీ మైటోమైసిన్, ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందులు ఇచ్చారు. లాటరీ పద్ధతిలో ఒక వర్గానికి పీఎస్‌కే కూడా కలిపారు. ఐదేళ్లకు పీఎస్‌కే వర్గంలో 73 శాతం మంది బతికున్నారు, రెండో వర్గంలో 60 శాతం. గొప్ప తేడానే. కానీ 2007లో ఇలాంటి 8 ట్రయల్స్‌ను, మొత్తం 8,009 మంది రోగులను కలిపి లెక్కవేస్తే హజార్డ్ రేషియో 0.88 వచ్చింది. అంటే మరణ ముప్పు తగ్గింది సుమారు 12 శాతం. ఒక్క ట్రయల్‌లో కొండంత కనిపించింది, అన్నీ కలిపేసరికి గుట్టంత అయింది. అయినా అది సున్నా కాదు. అందుకే ఈ దారి మూసేయమని మేం అడగడం లేదు.

ఆ 12 శాతం కూడా పాత కీమోతో వచ్చిన లెక్క. జపాన్ ప్రభుత్వమే 1989లో మళ్లీ సమీక్షించి, ఈ మందును కీమోతో కలిపి మాత్రమే వాడాలని హద్దు గీసింది. ఇవాళ జీర్ణాశయ క్యాన్సర్‌కు ఇచ్చే కీమో వేరు, దాని పక్కన ఇమ్యునోథెరపీ కూడా వచ్చింది. క్రెస్టిన్ అమ్మకం జపాన్‌లోనే ఆగిపోయింది. కాబట్టి ఇక్కడి క్యాప్సూల్ మీద "పీఎస్‌కేతో సమానం" అని రాసుంటే, పక్కన పెట్టి పోల్చడానికి ఆ మందు దుకాణంలో దొరకదు.

షిటాకే పుట్టగొడుగు నుంచి తీసే లెంటినాన్ అనే మందు కథ ఇంకా సూటిగా పాఠం చెబుతుంది. జపాన్ శాస్త్రవేత్త గోరో చిహారా బృందం 1969లో షిటాకే నుంచి తీసిన పాలీశాకరైడ్లు ఎలుకల్లో సార్కోమా 180 కణితిని అణచివేశాయని నేచర్‌లో ప్రకటించింది. 1985లో జపాన్ దాన్ని ఆమోదించింది, అదీ ఇంజెక్షన్‌గా, టెగఫూర్ అనే కీమో మందుతో కలిపి, ఆపరేషన్‌కు అందని జీర్ణాశయ క్యాన్సర్‌కు. వారానికి 2 మిల్లీగ్రాములు, నరం ద్వారా. షిటాకే కూర తింటే లెంటినాన్ అందుతుందని చెప్పేవారికి ఈ ఒక్క వాక్యం చూపిస్తే చాలు. తర్వాత ఎస్-1 అనే కొత్త కీమోతో 309 మందిపై దాన్ని పరీక్షించారు. ఎస్-1 ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 13.8 నెలలు, లెంటినాన్ కలిపినవారిది 9.9 నెలలు. ఆ తేడా గణాంకాల ప్రకారం ఖాయమని చెప్పలేం. మేలు జరగలేదని మాత్రం చెప్పగలం.

పశువైద్యంలోనూ ఇదే జరిగింది. ప్లీహంలో వచ్చే హెమాంజియోసార్కోమా అనే క్యాన్సర్ ఉన్న 15 కుక్కలకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో టర్కీ టెయిల్ నుంచి తీసిన పీఎస్‌పీ అనే మరో సారం ఇచ్చారు. ఎక్కువ డోసు వర్గంలో మధ్యస్థ ఆయుష్షు 199 రోజులని 2012లో ప్రకటించారు. ఆ అంకె ఇప్పటికీ పుట్టగొడుగుల డబ్బాల ప్రచారంలో తిరుగుతూనే ఉంది. 101 కుక్కలతో, ప్లాసిబోతో (మందులా కనిపించే ఉత్తుత్తి మందుతో), పద్ధతి ప్రకారం చేసిన తర్వాతి ట్రయల్ 2022లో వచ్చింది. ఆయుష్షు పెరగలేదు. దీన్ని ప్రచారం చేసేవాళ్లు లేరు.

ఇక ముడిసరుకు. తప్పులన్నీ ఎక్కువగా ఇక్కడే పుడతాయి, మీ కమిటీల ముందుకొచ్చే ఫైళ్లలో ఇదే అరపేజీలో ముగిసిపోతుంది.

మొదటిది జాతి. రీషీ అని అమ్మే పుట్టగొడుగుకు "గానోడెర్మా లూసిడం" అని రాస్తే సరిపోదు. ఆ పేరు మొదట యూరప్‌లో దొరికిన శిలీంధ్రానికి పెట్టారు. చైనాలో లింగ్‌ఝీ పేరుతో పెంచేది వేరే జాతి అని తేల్చి 2012లో గానోడెర్మా లింగ్‌ఝీ అని పేరుపెట్టారు. మన దగ్గర గానోడెర్మా అంటే కోనసీమ కొబ్బరి రైతుకు గుర్తొచ్చేది తెగులు: చెట్టు మొదలు నుంచి గోధుమరంగు జిగురు కారి, ఆకులు వేలాడి, చెట్టు దాదాపు చచ్చే దశలో మొదలు దగ్గర గొడుగు బయటపడుతుంది. ఆ గొడుగును కోసి ఎండబెట్టి అదే రీషీ అంటే ఒప్పుకోవద్దు. అది వేరే జాతి కావచ్చు. పైగా ఆ చెట్టు మొదలు దగ్గర బోర్డో మిశ్రమం పోసి ఉంటారు, శిలీంధ్రనాశినిని వేరు ద్వారా ఎక్కించి ఉంటారు. డీఎన్ఏలో జాతిని పట్టిచ్చే ఐటీఎస్ భాగాన్ని చదివించి, ఆ వరుసను ఫైలుకు జతచేసి, అదే కల్చర్‌ను గుర్తింపు ఉన్న కల్చర్ బ్యాంకులో దాచమని అడగండి. ఒక్కో నమూనాకు అయ్యే ఖర్చు ట్రయల్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. అమెరికాలో అమ్మే 19 రీషీ ఉత్పత్తులను పరీక్షిస్తే లేబుల్‌కు తగ్గట్టు తేలినవి 5 మాత్రమేనని 2017లో వెలువడింది.

రెండోది భాగం. గొడుగా, మైసీలియమా, స్పోర్లా? మైసీలియమైతే ద్రవంలో పెంచిందా, జొన్న లేదా బియ్యం మీద పెంచిందా? గింజల మీద పెంచితే మైసీలియాన్ని గింజ నుంచి విడదీయలేం. మొత్తం కలిపి ఎండబెట్టి పొడి చేస్తారు, దాంతో డబ్బాలో సగానికి సగం జొన్నపిండే ఉన్నా ఆశ్చర్యం లేదు. దీన్ని పట్టుకోవడానికి చిటికెడు పొడిని వేడినీటిలో కలిపి, చల్లారాక ఒక చుక్క అయోడిన్ వేస్తే చాలు. నీలి నలుపు వస్తే అది గింజ పిండి. కానీ రంగు రాలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. స్ప్రే డ్రయింగ్‌లో సారం గడ్డకట్టకుండా పిండిని ముక్కలు చేసి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. దాని గొలుసులు పొట్టివి, అయోడిన్‌కు నీలి రంగు ఇవ్వవు.

మూడోది కొలత, అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది ఇక్కడే. లేబుల్ మీద "పాలీశాకరైడ్లు 40 శాతం" అని ఉంటుంది. ఆ అంకె సాధారణంగా ఫినాల్-సల్ఫ్యూరిక్ ఆమ్లం పరీక్షతో వచ్చింది. ఆ పరీక్షకు ఏ చక్కెరైనా ఒకటే: బీటా గ్లూకాన్ అయినా, జొన్న పిండి అయినా, మాల్టోడెక్స్‌ట్రిన్ అయినా అదే పసుపు-నారింజ రంగు. పనిచేసే పదార్థమని మనం అనుకునేది బీటా-1,3/1,6 గ్లూకాన్ అనే చక్కెర గొలుసు; పిండిలో ఉండేది ఆల్ఫా గ్లూకాన్. దాన్ని ఎంజైమ్ పద్ధతిలో కొలవాలి. ముందు మొత్తం గ్లూకాన్‌ను ఆమ్లంతో విడగొట్టి కొలుస్తారు, తర్వాత ఆల్ఫా గ్లూకాన్‌ను అమైలోగ్లూకోసిడేజ్‌తో విడగొట్టి కొలిచి, మొదటి దాంట్లోంచి తీసేస్తారు. మిగిలింది బీటా. ఇందులోనూ ఒక చిక్కుంది. గింజ బార్లీ లేదా ఓట్స్ అయితే వాటి సొంత బీటా-1,3/1,4 గ్లూకాన్ కూడా ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. అప్పుడు లైకెనేజ్ ఎంజైమ్‌తో దాన్ని విడిగా కొలిచి తీసేయాలి. ప్రతిపాదనలో మొత్తం గ్లూకాన్, ఆల్ఫా, బీటా మూడూ వేర్వేరుగా, కనీసం మూడు బ్యాచ్‌లకు ఉండాలని మా కోరిక.

సారం తీసే పద్ధతి ఫైలులో వంటలా రాసి ఉండాలి, ఇంకొకరు చదివి అలాగే చేయగలిగేలా. మామూలుగా జరిగేది ఇది: గొడుగులను 50-60 డిగ్రీల మధ్య ఎండబెట్టి, పొడి చేసి, 1 కిలోకు 20 లీటర్ల నీరు పోసి 95-100 డిగ్రీల దగ్గర 2-3 గంటలు ఉంచుతారు. వడకట్టి, పిప్పిని మళ్లీ ఒకసారి అలాగే మరిగిస్తారు. రెండు నీళ్లనూ కలిపి ఐదో వంతుకు చిక్కబరిచి, దానికి నాలుగింతల ఇథనాల్ పోసి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే పాలీశాకరైడ్లు అడుగుకు దిగుతాయి. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్, చిన్న అణువులను వడకట్టే డయాలిసిస్, గడ్డకట్టించి ఆరబెట్టే లయోఫిలైజేషన్. ఇథనాల్ తక్కువైతే చిన్న గొలుసులు పైనే ఉండిపోతాయి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ సరుకు మారిపోతుంది. గాఢ క్షారం వాడితే దిగుబడి పెరుగుతుంది కానీ లెంటినాన్ లాంటి గ్లూకాన్ల మూడు పేటల మెలిక విడిపోతుంది. కాంగో రెడ్ రంగుతో కలిపి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తే ఆ మెలిక ఉందో లేదో తెలుస్తుంది. రీషీలోని చేదు ట్రైటర్పీన్లకు వేడినీరు చాలదు, ఇథనాల్ కావాలి. వేడినీటి సారం మాత్రమే తీసి, ట్రైటర్పీన్ల పరిశోధనలను ఆధారంగా చూపించే ప్రతిపాదనను అక్కడే ఆపండి.

లోహాల పరీక్ష మాటొకటి. పుట్టగొడుగు తాను పెరిగిన గడ్డిలోంచి, రంపపు పొట్టులోంచి కాడ్మియాన్ని లాక్కుంటుంది. ఆయుర్వేద ఫార్మకోపియా పెట్టిన హద్దులు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం. చివరి అంకె దగ్గర బ్యాచ్‌లు ఎక్కువగా తప్పుతాయి. పెంపకానికి ముందే గడ్డిని పరీక్షిస్తే ఆ నష్టం తప్పుతుంది.

ప్రయోగశాల ఫలితాల గురించి మూడు మాటలు, ఎందుకంటే మన దేశంలో ఈ రంగం ఎక్కువగా అక్కడే ఆగిపోయింది.

గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాల మీద సారం పోసి ఎంటీటీ పరీక్షలో కణాలు చచ్చాయని చూపడం ఆధారం కాదు. నోటితో తీసుకున్న భారీ పాలీశాకరైడ్ ఆ గాఢతలో కణితిని చేరదు. అసలు ఆ పరీక్షలో పసుపు రంగు ఊదాగా మారితే కణం బతికున్నట్టు లెక్క. సారంలోని ఫినాలిక్ పదార్థాలు కణం లేకుండానే ఆ రంగు మార్చగలవు. కణాలు లేని గుంటల్లో సారం ఒక్కటే వేసి చూశారా అని అడగండి.

రోగనిరోధక కణాలు చురుకయ్యాయని చూపేవాటిలో ఎండోటాక్సిన్ ముప్పుంది. నీటిలోంచో, గాజు సామానులోంచో బ్యాక్టీరియా విషపదార్థమైన ఎండోటాక్సిన్ కొద్దిగా కలిసినా మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రొటీన్‌ను గుమ్మరిస్తాయి. ఆ పేరు పుట్టగొడుగుకు వస్తుంది. పరీక్షిద్దామంటే ఎండోటాక్సిన్‌కు మామూలుగా చేసే లిములస్ పరీక్ష బీటా గ్లూకాన్‌కు కూడా స్పందిస్తుంది, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సీ పద్ధతిలో కొలవాలి, ఎండోటాక్సిన్‌ను అణచే పాలీమిక్సిన్ బీ కలిపిన కంట్రోల్ పెట్టాలి, బీటా గ్లూకాన్‌ను పట్టుకునే డెక్టిన్-1 గ్రాహకాన్ని అడ్డుకుంటే ప్రభావం తగ్గుతుందో లేదో చూపించాలి.

ఎలుకల సంగతి: సార్కోమా 180ని, ఎర్లిక్ కణితిని స్విస్ ఎలుకల్లో పెట్టి చేసిన పనికి విలువ తక్కువ. ఆ కణితి ఆ ఎలుకకు పరాయిది. దాని శరీరం ఎలాగూ దాన్ని కొంత తిప్పికొడుతుంది, మందు ఆ తిప్పికొట్టడాన్ని కాస్త ఊపినా అద్భుతంలా కనిపిస్తుంది. సొంత జాతి కణితి కావాలి: బాల్బ్-సీ ఎలుకలో సీటీ26, సీ57 నలుపు ఎలుకలో బీ16. అదీ నేటి కీమోతో కలిపి.

రోగుల ట్రయల్ దగ్గరికి వస్తే, సంఖ్య గురించి నిజం మాట్లాడుకుందాం. పీఎస్‌కే ట్రయల్స్‌ను కలిపి వేసిన ఆ 2007 లెక్కలో వచ్చిన 0.88 లాంటి మేలును 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న మేలును పట్టుకునే అవకాశంతో), 5 శాతం తప్పు హద్దుతో పట్టుకోవాలంటే సుమారు 1,900 మరణాలు నమోదయ్యే ట్రయల్ కావాలి. మేలు ఇంకా పెద్దది, 0.70 అనుకున్నా సుమారు 250 మరణాలు. ఒక కాలేజీలో 60 మందితో ఆరు నెలలు చేసే ట్రయల్ ఆయుష్షు గురించి ఏమీ చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌కు కూడా రాస్తున్నాం. అన్ని ఆసుపత్రులు కలిస్తే తప్ప ఈ సంఖ్య రాదు. చిన్న ట్రయల్ చేయదగిన పనులు వేరే ఉన్నాయి: డోసు, భద్రత. మిన్నెసోటాలో రేడియేషన్ ముగించిన రొమ్ము క్యాన్సర్ మహిళలకు టర్కీ టెయిల్ పొడిని 3, 6, 9 గ్రాముల మెట్లలో 6 వారాలు ఇచ్చి చూశారు, పూర్తి చేసినవారు 9 మంది. దాని హద్దు దానికి తెలుసు. వైద్య ట్రయల్స్‌ను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థకు రీషీ మీద దొరికినవి 5 ట్రయల్స్, 373 మంది. అసలు చికిత్సకు బదులుగా వాడటానికి ఆధారం లేదని, తోడుగా వాడితే కొంత స్పందన కనిపించిందని, ట్రయల్స్ నాణ్యత బాగోలేదని అది తేల్చింది.

ప్లాసిబో రంగు, వాసన, చేదు మూడూ కలవాలి. రీషీ చేదును నాలుక ఒక్కసారిలో పట్టేస్తుంది, కాబట్టి క్యాప్సూలే వాడాలి, అదీ విప్పి నీళ్లలో కలుపుకోకుండా చూడాలి. అవయవ మార్పిడి అయినవారిని, రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మీద ఉన్నవారిని, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తక్కువ ఉన్నవారిని తీసుకోవద్దు, ఎందుకంటే రీషీ ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని తగ్గిస్తుందని ప్రయోగాల్లో కనిపించింది. ఆపరేషన్‌కు కనీసం వారం ముందు ఆపేయాలి. చేర్చుకునేటప్పుడే హెపటైటిస్ బీ పరీక్ష చేయాలి. కీమోలో ఆ వైరస్ మళ్లీ లేస్తే కాలేయం దెబ్బతింటుంది, ఆ నింద పుట్టగొడుగు మీద పడుతుంది, లేదా పుట్టగొడుగు చేసిన నష్టం వైరస్ ఖాతాలో పోతుంది. కాలేయ నష్టాన్ని చూపే రక్తపరీక్షలు ఏఎల్‌టీ, బిలిరుబిన్ రెండు వారాలకోసారి చూడాలి. ఏఎల్‌టీ మామూలు గరిష్ఠ హద్దుకు మూడింతలు, బిలిరుబిన్ రెండింతలు దాటితే ఆ రోజే ఆపాలి.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు. జపాన్‌లో అగారికస్ బ్లేజీ అనే పుట్టగొడుగు సారం తీసుకున్న ముగ్గురు క్యాన్సర్ రోగులకు తీవ్రమైన కాలేయ నష్టం జరిగిందని, ఇద్దరు చనిపోయారని 2006లో నమోదైంది. హాంకాంగ్‌లో, థాయిలాండ్‌లో రీషీ కషాయం నుంచి పొడికి మారాక కాలేయం పాడైన కేసులున్నాయి, థాయిలాండ్ రోగి బతకలేదు. జపాన్‌లోనే కాలేయ క్యాన్సర్ ఉన్న 72 ఏళ్ల మహిళ చాగా అనే శిలీంధ్రం పొడిని రోజుకు 4-5 చెంచాలు ఆరు నెలలు తీసుకుంది. అందులోని ఆక్సలేట్ మూత్రపిండాల్లో పేరుకుని డయాలిసిస్ దాకా వచ్చింది. ఆ చాగా ఇప్పుడు మన ఇళ్లకు ఆన్‌లైన్‌లో వస్తోంది.

చట్టం దగ్గర మీరు సరిచేయవలసిన ఖాళీ ఒకటుంది. 2015లో తెచ్చి, 2019 క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో కొనసాగించిన ఫైటోఫార్మాస్యూటికల్ నిర్వచనం "ఔషధ మొక్క" నుంచి తీసిన, కనీసం నాలుగు పదార్థాలను కొలిచిన శుద్ధ సారం గురించి మాట్లాడుతుంది. పుట్టగొడుగు మొక్క కాదు. ఈ అయోమయంలో తయారీదారు సులువైన దారి పడతాడు: ఫుడ్ సప్లిమెంట్ లైసెన్స్ తీసుకుని డబ్బా అమ్ముతాడు, చైన్ మార్కెటింగ్ మనిషి ఇంటికొచ్చి అది క్యాన్సర్‌కు పనిచేస్తుందని నోటిమాటగా చెబుతాడు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో క్యాన్సర్ పేరు స్పష్టంగా ఉంది. అయినా డబ్బా మీద రాయని మాటకు ఆధారం దొరకదు. శిలీంధ్ర సారాలను ఆ నిర్వచనంలో పేరు పెట్టి చేర్చమని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్‌కు ఐసీఎంఆర్ సిఫార్సు చేయాలి. నిజాయితీగా పనిచేయాలనుకునే పరిశోధకుడికి అప్పుడే నడవడానికి ఒక దారి దొరుకుతుంది.

ట్రయల్స్ సంగతి తేలడానికి ఏళ్లు పడుతుంది. వార్డులో మాత్రం రేపే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే రోగి లేదనే అంటాడు, ఆ పొడి అతని దృష్టిలో మందు కాదు కాబట్టి. కేస్ షీట్‌లో ఈ మాటలే అచ్చు వేయండి, కీమోకు వచ్చిన ప్రతిసారీ నర్సు చదివి వినిపించాలి: "పుట్టగొడుగుల పొడి, క్యాప్సూలు, కాఫీ, టీ, కషాయం ఏదైనా తీసుకుంటున్నారా? ఎవరు ఇచ్చారు, రోజుకు ఎన్ని చెంచాలు, ఎప్పటి నుంచి? వచ్చేటప్పుడు డబ్బా తీసుకురండి." తెచ్చిన డబ్బాకు రెండు వైపులా ఫొటో తీసి, బ్యాచ్ నంబరు రాసుకుని, ఏఎల్‌టీ పెరిగినవారి డబ్బాలో ఒక చెంచా పొడిని సీల్ చేసి ఉంచండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ నంబరు 1800-180-3024కు చెప్పండి. మందలించవద్దు, మందలిస్తే వచ్చేసారి డబ్బా ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంట్లో వండే ముత్యపుచిప్ప పుట్టగొడుగుల కూరను మానమని కూడా చెప్పవద్దు. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చివి, సగం ఉడికినవి వద్దని, బాగా ఉడికించి తినమని చెబితే చాలు.

ఇట్లు,
శిలీంధ్రాలు, ఔషధ నాణ్యత, క్యాన్సర్ ఫార్మసీ రంగాల్లో పనిచేస్తున్నవాళ్లం